పాత కారుకు పెట్రోలు అందనప్పుడు: దోష నిర్ణయ పద్ధతిపై ఒక విమర్శ

రావులపాలెం నుంచి అమలాపురము వైపు పోయే పాత కారొకటి చదునైన రోడ్డుమీద చక్కగా నడుస్తుంది. ఏటిగట్టు ఎక్కవలసి వచ్చినప్పుడు మాత్రము దానికి ఊపిరి అందనట్లవుతుంది. రెండు మూడుసార్లు కుదిపి ఆగిపోతుంది. డ్రైవరు దిగి, బానెట్టు ఎత్తి, పంపుమీద తడిగుడ్డ వేసి, పది నిమిషాలు చెట్టునీడన కూర్చుంటాడు. తరువాత తాళము తిప్పితే బండి కదులుతుంది. షెడ్డుకు తీసుకొనిపోతే అక్కడ తీర్పు సిద్ధముగా ఉంటుంది: "ఆయిలు అందడము లేదు. పంపు పోయింది." పంపు మారుస్తారు. రెండు రోజులు బండి బాగానే నడుస్తుంది. మూడవనాడు గట్టు దగ్గర మళ్లీ అదే కథ.

అంబాసిడరు, మారుతి 800 కార్ల తయారీ 2014లో ఆగిపోయినది. అయినను పాత కార్లు నడుపుకొనేవారు ఇంకను ఉన్నారు. వారిలో కొందరికి ఆ కారే జీవనాధారము. అనవసరముగా మార్చిన ప్రతి భాగము వారి సంపాదనలో కోత. కనుక పైన చెప్పిన తీర్పును ఒకసారి నిదానముగా పరీక్షించడము అవసరము. అందులో రెండు వాక్యాలున్నవి. "ఆయిలు అందడము లేదు" అనునది లక్షణము. "పంపు పోయింది" అనునది కారణము. లక్షణము నుంచి కారణానికి పోవడానికి నడుమ ఒక పరీక్ష ఉండవలెను. ఆ పరీక్షయే అక్కడ లోపించినది.

ఈ లోపము షెడ్లకు మాత్రమే పరిమితము కాదు. మరమ్మతు పుస్తకాలలోని దోష నిర్ణయ పట్టికలను చూడండి. చాలావాటిలో ఎడమవైపు లక్షణము, కుడివైపు చేయవలసిన పని ఉంటవి. ఒకే లక్షణానికి ఎదురుగా ఐదారు కారణాలు వరుసగా ఇస్తారు. వానిలో అసలు కారణమేదో ఎట్లు వేరుచేయవలెనో చెప్పే మూడవ వరుస మాత్రము కనబడదు. పాఠకుడు పై నుంచి క్రిందికి ఒక్కొక్క భాగమే మార్చుకొంటూ పోవలసి వస్తుంది. డబ్బున్నవాడు పట్టిక చివరికి చేరుతాడు, లేనివాడు మధ్యలో బండి అమ్ముకొంటాడు.

కాలువ నేర్పే పాఠము

దోషాన్ని వెదకే పద్ధతి కోనసీమ రైతుకు ఎవరూ నేర్పనవసరము లేదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తయినది. బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టాలో ప్రవేశించిన గోదావరి నీరు లొల్ల లాకుల దగ్గర చీలి, అమలాపురము వైపు, గన్నవరము వైపు పోతుంది. గన్నవరము దగ్గర వైనతేయ నదిపై కట్టిన అక్విడక్టు మీదుగా రాజోలు ప్రాంతపు పొలాలకు చేరుతుంది. ఆ చివర, శివారు పొలానికి నీరు అందలేదనుకొనండి. రైతు నాలుగు ప్రశ్నలు వేస్తాడు. పైన వదలిన నీరే తక్కువా? కాలువలో గుర్రపుడెక్క పెరిగి దారి మూసుకొన్నదా? మధ్యలో ఎక్కడైన గండి పడినదా? లేక వాడకమే ఎక్కువయినదా? నీరు రాలేదని తెలియగానే ధవళేశ్వరము ఆనకట్ట మార్చవలెనని ఎవరును అనరు.

కారులోని ఇంధన మార్గము కూడ ఒక చిన్న కాలువయే. వెనుకనున్న టాంకు, దానిలోని జల్లెడ, గొట్టము, పంపు, ఫిల్టరు, చివర కార్బురేటరు. పెట్రోలు అందకపోవడానికి కారణాలు కూడ నాలుగు తరగతులే: నెట్టే బలము తగ్గుట, దారి మూసుకొనుట, దారిలో కారిపోవుట, ఇంజను అడిగే మొత్తము పెరుగుట. "పంపు పోయింది" అనే తీర్పు మొదటి తరగతిని మాత్రమే చూస్తుంది, మిగిలిన మూడింటిని విచారించకుండనే కొట్టివేస్తుంది.

ఏటిగట్టు దగ్గరనే బండి ఎందుకు ఆగుతుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. లీటరుకు పది కిలోమీటర్లు ఇచ్చే కారు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోతే గంటకు ఆరు లీటర్లు, అనగా నిమిషానికి 100 ఘన సెంటీమీటర్ల పెట్రోలు కావలెను. ఎత్తు ఎక్కునప్పుడు ఆ అవసరము రెండు మూడు రెట్లు కావచ్చును. ఆరోగ్యముగా ఉన్న చిన్న కారు పంపు సుమారుగా నిమిషానికి అర లీటరు ఇస్తుంది. దారి సగానికి పైగా మూసుకొనిపోయి నిమిషానికి 150 ఘన సెంటీమీటర్లు మాత్రమే వస్తున్నదనుకొనండి. చదును రోడ్డుమీద ఏ లోటును కనబడదు. గట్టు ఎక్కునప్పుడు కార్బురేటరు తొట్టిలోని కొద్దిపాటి నిలువ ఖర్చయిపోయి, ఇంజను ఆగిపోతుంది. "ఇంతవరకు బాగానే వచ్చినదే!" అని డ్రైవరు ఆశ్చర్యపడతాడు. నిజానికి అంతవరకు వచ్చినది బాగా కాదు, తగినంతగా మాత్రమే.

పంపు చేసే పని

కార్బురేటరు ఉన్న కార్లలో పలువాటికి ఇంజను ప్రక్కన బిగించిన యాంత్రిక పంపు ఉంటుంది. షెడ్లలో దీనిని "ఏసీ పంపు" అంటారు. దానిలో రబ్బరు గుడ్డతో చేసిన డయాఫ్రం ఒకటి, దాని క్రింద ఒక స్ప్రింగు, లోపలికి బయటికి రెండు కవాటాలు ఉంటవి. ఇంజను తిరుగునప్పుడు ఒక మీట డయాఫ్రమును క్రిందికి లాగుతుంది. లోపల ఖాళీ పెరిగి పీడనము తగ్గుతుంది. అప్పుడు టాంకులోని పెట్రోలును పంపులోనికి నెట్టునది వాతావరణ పీడనము. "పంపు పీల్చినది" అని మనము వాడుకలో అన్నను, నిజములో అది గాలి బరువు చేసిన పని. ఆ బరువు 76 సెంటీమీటర్ల పాదరస స్తంభానికి సమానమని 1643 నాటి టోరిచెల్లి ప్రయోగము నుంచి విద్యార్థులకు తెలిసినదే.

తరువాత స్ప్రింగు డయాఫ్రమును పైకి నెట్టి పెట్రోలును ముందుకు పంపుతుంది. కనుక ముందుకు పోయే పెట్రోలు పీడనాన్ని నిర్ణయించునది ఇంజను బలము కాదు, ఆ చిన్న స్ప్రింగు బలము. ఆ పీడనము సాధారణముగా చదరపు సెంటీమీటరుకు 0.2 నుంచి 0.3 కిలోగ్రాముల వరకు ఉంటుంది. ఇది రెండు మూడు మీటర్ల ఎత్తు నీటి స్తంభము కలిగించే పీడనము మాత్రమే. ఇంత తక్కువ పీడనముతో నడిచే ఏర్పాటులో గొట్టములోని చిన్న నలుగుడు, ఫిల్టరులోని కొద్దిపాటి తుప్పు కూడ లెక్కకు వస్తవి.

పంపు చెడిపోదని కాదు. చెడిపోతే అది తన గుర్తులను తానే ఇస్తుంది. డయాఫ్రం చిరిగితే పంపు క్రిందనున్న చిన్న రంధ్రము నుంచి పెట్రోలు చుక్కలు పడతవి, లేదా పెట్రోలు ఇంజను ఆయిలులో కలుస్తుంది. ఆయిలు కొలిచే పుల్ల తీసి చూస్తే మట్టము పెరిగి, పెట్రోలు వాసన వస్తుంది. కవాటాలు సరిగా మూసుకొనకపోతే రాత్రి నిలిపిన బండికి ఉదయము చాలసేపు స్టార్టరు తిప్పవలసి వస్తుంది. స్ప్రింగు బలహీనమైతే పీడనము ఎల్లప్పుడును తక్కువగానే ఉంటుంది. ఈ గుర్తులలో ఒక్కటియు చూడకుండ పంపు మార్చుట, నాడి చూడకుండ మందు ఇచ్చుట వంటిది.

కాలువ పోలిక సరిపోని చోటు కూడ ఒకటి ఉన్నది. కాలువకు గండి పడితే నీరు బయటికే పోతుంది. టాంకుకు, పంపుకు నడుమ గొట్టములో పగులు ఏర్పడితే పెట్రోలు బయటికి రాకపోవచ్చును. అక్కడ లోపలి పీడనము బయటి పీడనము కంటె తక్కువ కనుక బయటి గాలి లోనికి జొరబడుతుంది. గొట్టము పొడిగానే ఉంటుంది, పంపు మాత్రము పెట్రోలుకు బదులు బుడగలు మ్రింగుతుంది. "ఎక్కడా కారడము లేదు గనుక గొట్టము బాగానే ఉన్నది" అనే వాదము ఇందువలననే తప్పు. పంపుకు ముందు ఒక చిన్న పారదర్శక గొట్టము అమర్చి చూస్తే బుడగలు కంటికే కనబడతవి.

పది నిమిషాల విశ్రాంతి

ఆగిన బండి పది నిమిషాల తరువాత మళ్లీ కదలుట చూసి, "వేడికి ఆవిరి పట్టింది" అని చాలామంది నిశ్చయిస్తారు. పెట్రోలు ఒకే ఉష్ణోగ్రతవద్ద మరిగే ద్రవము కాదు. దానిలోని తేలిక భాగాలు సుమారు 35, 40 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరనే ఆవిరి కాసాగుతవి. పంపు ముందు భాగములో పీడనము తక్కువ కనుక ఆ పని మరింత సులభము. వైశాఖ మాసపు ఎండలో, వేడెక్కిన ఇంజను ప్రక్కన ఇది జరుగవచ్చును. చల్లబడితే ఆవిరి తిరిగి ద్రవమవుతుంది. ఇంతవరకు సిద్ధాంతము సరియైనదే.

అయితే పది నిమిషాల విశ్రాంతి నయము చేసే దోషము ఇది ఒక్కటే కాదు. టాంకు మూతలో, లేదా ప్రక్కన, గాలి పోవడానికి ఒక చిన్న దారి ఉంటుంది. బురదతోనో, తుప్పుతోనో అది మూసుకొనిపోతే, పెట్రోలు ఖర్చయిన కొలది టాంకులో పీడనము తగ్గుతుంది. కొంతసేపటికి పంపు ఎంత లాగినను పెట్రోలును నెట్టే గాలి ఉండదు. బండి నిలిపితే సందులలో నుంచి మెల్లగా గాలి చేరి, పది నిమిషాలలో పీడనము సమమవుతుంది, బండి కదులుతుంది. మూడవ కారణము టాంకులోని చెత్త. నీరు, తుప్పు, రబ్బరు తునకలు ప్రవాహముతోపాటు వచ్చి జల్లెడకు అంటుకొంటవి. ఇంజను ఆగితే లాగుడు ఆగి, చెత్త క్రిందికి జారుతుంది. దారి తెరచుకొని మళ్లీ బండి నడుస్తుంది.

మూడు వేర్వేరు దోషాలు, లక్షణము మాత్రము ఒక్కటే. వాటన్నింటిని ఒకే విశ్రాంతి నయము చేస్తున్నది. ఏ చికిత్స మూడు రోగాలకు సమానముగా పనిచేస్తుందో, ఆ చికిత్స ఫలించినంత మాత్రాన రోగమేదో రుజువు కాదు. పాత కార్ల విషయములో జరిగే పొరపాట్లలో అధిక భాగము ఈ ఒక్క సూత్రాన్ని మరచుట వలన కలుగుతున్నవి.

వీటిని వేరుచేయుట కష్టము కాదు. బండి ఆగిన వెంటనే, మరేమియు ముట్టకుండ, టాంకు మూత వదులు చేయవలెను. లోనికి గాలి పోయిన చప్పుడు వినబడి, బండి వెంటనే కదిలితే దోషము గాలి దారిలోనిది. ఫలితము లేకపోతే, అప్పుడు పంపుమీద తడిగుడ్డ వేయవలెను. ఒకటి రెండు నిమిషాలలో ఇంజను కోలుకొంటే ఆవిరిని అనుమానించవచ్చును. ఈ రెంటికిని లొంగక, తెల్లవారుజాము చల్లదనములో కూడ కొంత దూరము వేగముగా పోయిన తరువాత ఆగుతుంటే, జల్లెడను, ఫిల్టరును చూడవలెను. మూత తీయుట, గుడ్డ వేయుట రెండును ఒకేసారి చేస్తే బండి నడువవచ్చును, జ్ఞానము మాత్రము లభించదు. ఒక్కసారికి ఒక్కటే మార్చవలెననే నియమము ప్రయోగశాలకు ఎంత అవసరమో రోడ్డు ప్రక్కన కూడ అంతే అవసరము.

కొత్త పంపు రెండు రోజులు పని చేయుటలోని రహస్యము కూడ ఇక్కడనే ఉన్నది. పంపు మార్చునప్పుడు గొట్టాలు విప్పుతారు, ఊదుతారు, కదుపుతారు. చెత్త కొంత తొలగిపోతుంది. అదిగాక కొత్త పంపు పాతదానికంటె గట్టిగా లాగి, మూసుకొన్న దారి లోపాన్ని కొన్నాళ్లు కప్పిపుచ్చుతుంది. ఖ్యాతి పంపుకు దక్కుతుంది, దోషము అక్కడనే ఉంటుంది.

గేజి చెప్పేది, చెప్పనిది

"అయితే పీడనము కొలిచే గేజి పెట్టి చూస్తే సరిపోదా?" అని అడుగవచ్చును. ఫ్రాన్సు దేశీయుడైన యూజీను బూర్డాను 1849లో వంపు గొట్టపు పీడనమాపకానికి పేటెంటు పొందినాడు. నేటికిని షెడ్లలోని ముల్లు గేజీలలో చాలభాగము ఆ సూత్రముపైననే పని చేస్తున్నవి. గేజి వాడుట ఊహకంటె ఎంతో మేలు. కాని గేజిని అపార్థము చేసికొనుట మరియొక పొరపాటుకు దారితీస్తుంది.

దీనిని పెట్రోలు లేకుండ, నీటితోనే తరగతిలో చూపవచ్చును. రెండు మీటర్ల ఎత్తున ఒక బకెట్టు నీరు పెట్టి, దాని నుంచి రబ్బరు గొట్టము క్రిందికి దించవలెను. గొట్టము చివర ఒక కుళాయి, కుళాయికి కొంచెము ముందు మూడు మార్గాల అతుకుతో నిలువుగా నిలిపిన పొడుగాటి పారదర్శక గొట్టము అమర్చవలెను. ఇప్పుడు బకెట్టుకు, అతుకుకు నడుమ రబ్బరు గొట్టాన్ని క్లిప్పుతో నొక్కవలెను, పూర్తిగా మూయరాదు. కుళాయి కట్టి ఉన్నంతసేపు నిలువు గొట్టములో నీరు మెల్లగా పెరిగి బకెట్టు మట్టానికే చేరుతుంది. క్లిప్పు ఉన్నను, తీసివేసినను మట్టము అంతే. కుళాయి తిప్పిన క్షణములో తేడా బయటపడుతుంది. క్లిప్పు ఉన్నప్పుడు మట్టము దిగజారిపోయి, కుళాయి నుంచి సన్నని ధార మాత్రమే వస్తుంది.

దీని అర్థము స్పష్టము. ప్రవాహము లేనప్పుడు అడ్డంకి పీడనాన్ని తగ్గించదు. పీడనము తగ్గుటకు ప్రవాహము సాగుతూ ఉండవలెను. పంపు చివర గేజి బిగించి, దారి మూసి చదివిన అంకె సరిగా ఉన్నంత మాత్రాన ఇంజనుకు తగినంత పెట్రోలు చేరుతున్నదని చెప్పరాదు. పీడనము వేరు, ప్రవాహము వేరు. రెంటిని కొలువవలెను. గొట్టాన్ని సీసాలోనికి మళ్లించి, నిర్ణీత కాలములో ఎంత వచ్చినదో చూచి, తయారీదారు ఇచ్చిన అంకెతో పోల్చుట రెండవ కొలత. పీడనము సరిగా ఉండి ప్రవాహము తక్కువైతే దారిలో అడ్డంకి. రెండును తక్కువైతే పంపునో, దాని ముందున్న భాగాన్నో చూడవలెను. ఇంజను ఆపగానే గేజి ముల్లు పడిపోతే కవాటమో, మరియొక చోటనో కారుడు ఉన్నది. అప్పుడు గాని పంపుమీద తీర్పు చెప్పే అర్హత రాదు.

సన్నని గొట్టాలలో ప్రవాహాన్ని కొలిచి పోయిసోయి అను ఫ్రెంచి వైద్యుడు 1840 తరువాతి సంవత్సరాలలో ప్రకటించిన నియమము ఇక్కడ గుర్తుకు తెచ్చుకొనదగినది. నెమ్మదిగా సాగే ప్రవాహములో గొట్టము వ్యాసార్ధము సగమైతే, అదే పీడన భేదముతో వచ్చే ద్రవము సగము కాదు, పదహారవ వంతు. గొట్టము కొంచెమే నలిగినదని ఉపేక్షించరాదనుటకు ఇంతకంటె వేరు సాక్ష్యము అక్కరలేదు.

ఇంజెక్టరు ఉన్న పాత కార్లు

మన దేశములో 2000 ప్రాంతము నుంచి కార్బురేటరుకు బదులు ఇంజెక్టర్లున్న కార్లు విస్తరించినవి. ఇప్పుడు వానిలో తొలినాటివి కూడ పాత కార్లే. వీటిలో విద్యుత్తుతో నడిచే పంపు సాధారణముగా టాంకులోనే ఉంటుంది. పీడనము చాలావాటిలో చదరపు సెంటీమీటరుకు 2.5 నుంచి 3 కిలోగ్రాముల దాక ఉంటుంది. దానిని నిలకడగా ఉంచుటకు ఒక రెగ్యులేటరు ఉంటుంది. కనుక గేజిలో అంకె తక్కువగా ఉన్నంత మాత్రాన పంపును నిందించరాదు. రెగ్యులేటరు తెరచుకొని ఉండిపోయి పెట్రోలును టాంకుకు తిరిగి పంపుతుండవచ్చును.

కోనసీమ వంటి సముద్ర తీరములో ఇంకొక కారణము ఉన్నది. ఉప్పుగాలికి, తేమకు తీగల అతుకులు, ఎర్తు కనెక్షన్లు పాచి పట్టుతవి. పంపుకు 12 వోల్టులు చేరవలసినచోట 9 వోల్టులే చేరితే అది మందముగా తిరుగుతుంది, పీడనము పడిపోతుంది. మెకానిక్కు పంపు తీగ ఊడదీసి మీటరు పెడితే 12 వోల్టులు చూపుతుంది. "కరెంటు బాగానే ఉన్నది, పంపే పోయింది" అని నిశ్చయిస్తాడు. ఓము నియమము చదివిన విద్యార్థికి ఈ పొరపాటు తెలియవలెను. తీగలో కరెంటు పారనప్పుడు పాచి పట్టిన అతుకు దగ్గర వోల్టేజి తగ్గదు. పంపు తిరుగుచున్నప్పుడు కొలిస్తేనే నష్టము బయటపడుతుంది. నీటి గొట్టము, క్లిప్పు ప్రయోగములో కుళాయి కట్టినప్పుడు జరిగినది సరిగా ఇదే. అక్కడ పీడనము, ఇక్కడ వోల్టేజి. పని చేయించకుండ కొలిచినవాడు రెండుచోట్లను మోసపోతాడు.

నిందలు మోసే పెట్రోలు

పంపు తరువాత ఎక్కువ నింద పడేది పెట్రోలుమీద. "కల్తీ" అన్న ఒక్క మాటతో విచారణ ముగుస్తుంది. కల్తీ జరుగదని కాదు. సాంద్రత కొలత, వడపోత కాగితముపై చుక్క వేసి చూచుట వంటి పరీక్షలను బంకులో అడిగి చేయించుకొనే హక్కు వినియోగదారునికి ఉన్నది. అడుగకుండ నిందించుట, పరీక్షించకుండ పంపు మార్చుట వంటిదే.

పెట్రోలులో కలిసే నీటి విషయము మరింత శ్రద్ధగా చూడవలసినది. సగము ఖాళీగా ఉన్న టాంకులోనికి తేమగాలి చేరి, రాత్రి చల్లదనానికి నీరుగా మారవచ్చును. 2022 జూలై గోదావరి వరదలో లంక గ్రామాలు మునిగినవి. అటువంటి నీటిలో నిలిచిన బండి టాంకులోనికి నీరు పోవడానికి అవకాశమున్నది. నీరు పెట్రోలుకంటె బరువైనది కనుక టాంకు అడుగున, సరిగా పంపు పీల్చే చోటనే చేరుతుంది. దేశములో పెట్రోలులో ఇథనాలు కలిపే పాలు 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరినది. ఇథనాలు నీటిని తనలో కలుపుకొంటుంది. ఒక హద్దు దాటితే నీరు, ఇథనాలు కలిసి వేరు పొరగా అడుగున దిగిపోతవి. ఇథనాలు ఎక్కువగా లేని ఇంధనానికై తయారైన పాత రబ్బరు గొట్టాలు దానివలన ఉబ్బి, మెత్తబడి, తునకలు రాల్చవచ్చును. వీటికి పరీక్ష సులభము. టాంకు అడుగు నుంచి కొంచెము ఇంధనము తెల్ల గాజుసీసాలో పట్టి, కదపకుండ నిలిపి చూస్తే పొరలు, తుప్పు, తునకలు కంటికి కనబడతవి.

మెకానిక్కు చేతిలోని విజ్ఞానము

ఈ విమర్శ షెడ్లలో పనిచేయువారిని తక్కువ చేయుటకు కాదు. గొట్టముమీద వ్రేలుంచి పంపు కొట్టుకొనుట గ్రహించేవాడు, ఆయిలు పుల్ల వాసన చూచి డయాఫ్రం చిరిగినదని చెప్పేవాడు, ఇంజను చప్పుడు విని మిస్సింగు ఏ సిలిండరులో ఉన్నదో పట్టేవాడు మంచి పరీక్షకుడే. పంపుమీద తడిగుడ్డ వేయుట కూడ మొదట ఎవరో తెలివైనవాడు చేసిన ప్రయోగము. దాని ఫలితాన్ని చదివినంతకాలము అది ప్రయోగము, ఫలితముతో పనిలేక ప్రతిసారి వేస్తే అది ఆచారము. ఒక పని శాస్త్రమా, ఆచారమా అనునది చేతిలోని పరికరముపై ఆధారపడి ఉండదు. "ఇట్లు కాకపోతే ఏమి అనుకొనవలెను?" అనే ప్రశ్న ముందుగా వేసికొన్నామా లేదా అనుదానిపై ఆధారపడి ఉంటుంది. ఖరీదైన గేజి చేతబట్టినను ఈ ప్రశ్న వేయనివాడు ఆచారపరుడే.

తరగతి గదిలోని లోటు

ఈ లోపానికి బడి కూడ కొంత బాధ్యత వహించవలెను. ఉన్నత పాఠశాలలో పీడనము పాఠము ఎక్కువగా నిలిచిన ద్రవాలతోనే ముగుస్తుంది. బలాన్ని వైశాల్యముతో భాగించి అంకె తెచ్చుట నేర్పుతాము. అదే ద్రవము కదిలితే ఆ అంకె ఏమవుతుందో చూపము. ఆ పాఠము ముగించి బయటికి వచ్చిన విద్యార్థి షెడ్డులో పనికి చేరితే, "పీడనము ఉన్నది గనుక ప్రవాహము ఉంటుంది" అని అనుకొనుటలో ఆశ్చర్యము లేదు. పైన చెప్పిన బకెట్టు ప్రయోగానికి కావలసినవి రెండు గొట్టాలు, ఒక అతుకు, ఒక కుళాయి, ఒక క్లిప్పు. ఉపాధ్యాయుడు క్లిప్పు ఎక్కడ పెట్టినదియు ఒక గుడ్డతో కప్పి, మట్టాలు మాత్రము చూపి, "అడ్డంకి అతుకుకు ముందున్నదా, వెనుకనున్నదా?" అని అడిగితే చాలును. కుళాయి తిప్పినప్పుడు ధార సన్నగిల్లి, మట్టము పడిపోతే అడ్డంకి అతుకుకు ముందు. ధార సన్నగిల్లినను మట్టము దాదాపు నిలిచి ఉంటే అడ్డంకి అతుకు తరువాత. ఈ ఒక్క పరీక్షలో విద్యార్థి దోష నిర్ణయము యొక్క సారమంతయు నేర్చుకొంటాడు.

ఈ ప్రయోగము నీటితోనే చేయవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది నేలవెంట ప్రాకి, దూరాననున్న నిప్పును అందుకొంటుంది. 2014 జూన్ 27 న నగరము గ్రామములో గ్యాసు పైపులైను నుంచి వెలువడిన ఇంధనము అంటుకొని ఇరవైమందికి పైగా ప్రాణాలు కోల్పోయిన సంగతి కోనసీమ మరువలేదు. కారు గొట్టములోని పెట్రోలు కొంచెమే అయినను స్వభావము అటువంటిదే. వేడి ఇంజనుమీద సీసా పరీక్ష చేయరాదు. ఇంజెక్టరు కార్ల గొట్టాలను పీడనము దించకుండ విప్పరాదు. గొట్టాన్ని నోటితో పీల్చి పెట్రోలు తీయుట మానవలెను. ఊపిరితిత్తులలోనికి పోయిన కొంచెము పెట్రోలు కూడ ప్రాణాపాయము కలిగించగలదు.

పంపు మార్చవలసిన సందర్భాలు తప్పక ఉంటవి. అది మూత, ఫిల్టరు, గొట్టము, తీగ, కవాటము అన్నియు తమ సాక్ష్యము చెప్పిన తరువాత రావలసిన చివరి తీర్పు. ఆ వరుస పాటించిన డ్రైవరుకు గట్టు దగ్గర అరగంట ఆలస్యము కావచ్చును. మూడవనాడు మాత్రము అదే గట్టు దగ్గర మళ్లీ బానెట్టు ఎత్తవలసిన అవసరము రాదు.